రివర్స్ అక్కర్లేని చోటు

బట్టల కొట్టులో కుట్టుపని చేసే అక్క యాభయ్యో ఏట కారు కొనుక్కుంది. ఊళ్ళో మంచి చోట నిలబెట్టి దానికి ఫోటో తీయించాలని ఆమె కోరిక. తీసేది చెల్లెలు. చిక్కల్లా ఒక్కటే. అక్కకు కారు ముందుకు నడపడమే వచ్చు, రివర్స్ అంటే గుండె దడ.

నది వంతెన పక్కన ఎండ చక్కగా పడుతోంది.

"ఇక్కడ ఆపక్కా!" అంది చెల్లెలు.

"ఆపితే మళ్ళీ ఎలా బయటపడతానే?" అంటూ అక్క ముందుకే పోయింది. బొమ్మలు వేసిన గోడ, పాత రైల్వే స్టేషను కూడా అలాగే దాటిపోయాయి. చెల్లెలు తల పట్టుకుంది.

చివరికి ఒక అద్దాల మేడ వెనక, రెండు వైపులా దారి ఉన్న సందు దొరికింది. అక్క హమ్మయ్య అనుకుని, దిగి బానెట్ తుడుస్తుండగా, ఎదురుగా సరుకుల లారీ వచ్చి అడ్డంగా ఆగింది.

"దించడానికి గంట పడుతుందమ్మా. మీరే కాస్త వెనక్కి తీసుకోండి" అన్నాడు లారీ డ్రైవరు.

అక్క మళ్ళీ కారెక్కింది. "నువ్వు వెనకాల నిలబడవే. గోడకు తగిలేలా ఉంటే కేకెయ్యి" అంది. స్టీరింగు చెమటకు జారుతోంది. కారు జానెడు జానెడుగా వెనక్కి కదిలింది.

"రా అక్కా, రా... ఇంకా చోటుంది!"

సందు మొదట్లో కాస్త వెడల్పుగా ఉన్నచోట కారు ఆగింది. అక్క దిగింది.

"గీత పడిందా?"

"లేదక్కా. ఇంకో చోటు వెతుకుదామా?"

అక్క చుట్టూ చూసింది. చెత్త డబ్బాలు, పెచ్చులూడిన గోడ.

"ఇక్కడే తియ్యవే" అంది.