పదిహేడో నంబరు పేషంటు

నిక్షేపంలా ఉన్న మనిషిని చేజేతులా ఆసుపత్రి మంచం ఎక్కించిన ఘనత నాది. ఆయన వద్దు వద్దని మొత్తుకుంటూనే ఉన్నాడు, నేను వినలేదు. అప్పట్లో నా ఉద్యోగమే వినడం.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు సంగతి. పాలమూరులో డిగ్రీ ముగించి ఖాళీగా ఉన్న నాకు హైదరాబాదులో ఒక పరిశోధనలో పని దొరికింది. కిడ్నీ మార్పిడి జరిగినవాళ్ల ఇళ్లకు వెళ్లి, వాళ్ల బతుకెలా ఉందో వాళ్ల నోటితోనే చెప్పించి రాసుకురావాలి. రక్తపరీక్షలో తేలని అలసట, భయం, నిద్ర, దిగులు, వీటన్నిటినీ సున్నా నుంచి పది దాకా అంకెల్లోకి దించాలి. మా పెద్ద డాక్టరు గారు శిక్షణ ఇచ్చిన మూడు రోజులూ ఒకటే మాట నూరిపోశారు. "పేషంటు చెప్పిందే రాయాలి. ఇంట్లోవాళ్లను మధ్యలో మాట్లాడనివ్వద్దు." కొత్త కోడలికి అత్తగారి మాటలా అది నా చెవిలో మోగుతూ ఉండేది.

గోప్యత కోసం కాగితాల మీద పేర్లుండవు, నంబర్లే. పదిహేడో నంబరు: మగ, నలభై దాటిన మనిషి, ఆపరేషన్ అయి మూడేళ్లు, నల్లగొండ జిల్లా కట్టంగూర్ దగ్గర ఒక ఊరు. ఇల్లు కనుక్కుని వెళ్లాను. వాకిట్లో ఇద్దరు మగవాళ్లు కూర్చుని ఉన్నారు. ఒకాయన ఎండిన కందికట్టెలా ఉన్నాడు. రెండో ఆయన పండగ పొట్టేలులా నిగనిగలాడుతున్నాడు. రోగి ఎవరో చెప్పడానికి డాక్టరు చదువు అక్కర్లేదు కదా! సన్నటాయన ముందు కుర్చీ వేసుకున్నాను.

"కిడ్నీ ఆపరేషన్ అయింది మీకేనా?"

"నాకే బిడ్డా," అంటూ అంగీ ఎత్తి, పక్కటెముకల కింద కుట్ల గీత చూపించాడు. పేరు యాదయ్యట.

నిగనిగలాడే ఆయన గొంతు సవరించుకున్నాడు. "మేడం, ఆపరేషన్ నాకు గూడ..."

"మీరు?"

"తమ్ముణ్ణి. సైదులు."

"సైదులు గారూ, ఇంట్లోవాళ్లు మాట్లాడకూడదు. దయచేసి కాస్త దూరంగా వెళ్లండి."

"గది కాదు మేడం, నేను చెప్పేది జర..."

"రూల్సండీ!"

పాపం, లేచి బర్రె దగ్గరికి వెళ్లిపోయాడు. సైదులు భార్య పద్మ చాయ్ తెచ్చి, నా ముఖం చూసి, నోరు విప్పకుండా లోపలికి పోయింది. నేను ఫారం తెరిచాను.

"అలసట సున్నా నుంచి పదిలో ఎంత?"

"బత్తాయి తోటల పాదులు తీసినంక పది. అన్నం తిని కూసుంటె సున్న. ఏది రాసుకుంటవో నీ ఇష్టం."

ఐదు రాసుకున్నాను.

"మార్పిడి చేసిన కిడ్నీ గురించి ఎప్పుడైనా దిగులు పడతారా?"

"రోజూ రంధే బిడ్డా. పొద్దుగాల వాడు మంచిగ లేస్తెనే నా పాణం కుదుటవడ్తది."

పాఠకులారా, ఇక్కడ మీకు అనుమానం వచ్చింది. నాకు రాలేదు. 'పేషంటు తన కిడ్నీని వాడు అని పిలుస్తున్నాడు. అవయవంతో గాఢమైన ఆత్మీయత' అని అంచున రాసి, కింద గీత కూడా గీశాను.

"దాన్ని కాపాడుకోవడానికి ఏం చేస్తారు?"

"ఉప్పు ఎక్కువ తిననియ్య. కల్లు ముట్టనియ్య. ఎండల తిరిగితె తిడ్త."

"తిడితే ఫలితం ఉంటుందా?"

"ఒక్కోపారి అలుగుతడు."

అదీ రాసుకున్నాను. తర్వాతి ప్రశ్న మందుల గురించి.

"గత నెలలో మందులు ఎన్నిసార్లు మర్చిపోయారు?"

"మందులా? నేనేడ ఏస్కుంట బిడ్డా? దవాఖానకెల్లి ఇంటికొచ్చినంక ఒక్క గోలీ గూడ ఏస్కోలే."

నా చేతిలో పెన్ను కింద పడింది. మార్పిడి కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా జీవితాంతం మందులు వేసుకోవాలి. ఈయన మూడేళ్లుగా ఒక్కటీ వేసుకోలేదు! పెద్ద డాక్టరు గారికి ఫోన్ చేశాను. ఆయన అదిరిపడ్డారు. "ఎలా బతికున్నాడమ్మా? ముందు నల్లగొండ తీసుకెళ్లు. అక్కడి ఆసుపత్రికి నేను చెబుతా."

నేను వాకిట్లో నిలబడి కేకపెట్టాను. "సైదులు గారూ, బండి తియ్యండి! మీ అన్న ప్రాణానికి ప్రమాదం. మందులు వేసుకోలేదు!"

సైదులు ముఖం తెల్లబోయింది. "అన్నకు గూడ మందులున్నయా? మాకెవ్వలు చెప్పలేదే!"

పద్మ ఏడుపు అందుకుంది. చుట్టుపక్కల వాళ్లు పోగయ్యారు. "నాకేం కాలే, బర్రెకు గడ్డెయ్యాలె," అని యాదయ్య గింజుకుంటుంటే, సైదులు ఆయన్ని చిన్నపిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తి తన ఆటోలో కూర్చోబెట్టాడు. నల్లగొండ దాకా కళ్లు తుడుచుకుంటూనే నడిపాడు. 'కుటుంబ సహకారం: పది' అని నేను వెనక సీట్లో రాసుకున్నాను.

స్కానింగ్ గదిలో డాక్టరమ్మ యాదయ్య పొత్తికడుపు మీద ఆ పరికరాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ తిప్పింది.

"పెట్టిన కిడ్నీ ఇక్కడ ఉండాలి. లేదు."

"లేదా?"

"పెట్టింది లేదు సరే, పుట్టుకతో వచ్చినవాటిలో కూడా ఒకటే ఉంది. అది మాత్రం దివ్యంగా ఉంది." ఆయన వైపు తిరిగింది. "ఏమయ్యా, నీ ఇంకో కిడ్నీ ఏదీ?"

"బయట బెంచీ మీద కూసున్నడు డాక్టరమ్మా," అన్నాడు యాదయ్య. "ఏడుస్తుండు. నాకేం కాలేదని జర మీరన్న చెప్పుండ్రి."

నేను తలుపు తీసి, బెంచీ మీద కళ్లు తుడుచుకుంటున్న సైదులును చూశాను.

"మరి ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"ఇచ్చినవా, తీస్కున్నవా అని నువ్వడగలే బిడ్డా. మూడేండ్లల్ల ఎట్లున్నవని అడిగినోళ్లే లేరు. అడిగితివి, చెప్పిన."

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అన్నయినా చెప్పడని ఆవేళ తెలిసింది.

వచ్చాడు కదాని డాక్టరమ్మ ఆయనకు బీపీ చూసింది. మళ్లీ చూసింది. ఆమె ముఖం మారింది. ఒక్క కిడ్నీతో ఉన్న మనిషికి ఉండకూడనంత బీపీ. ఇన్నాళ్లూ తమ్ముణ్ణి పరీక్షలకు తీసుకెళ్లడమే గాని తన చేతికి పట్టీ కట్టించుకున్నది లేదట. ఆ సాయంత్రం నుంచే యాదయ్యకు గోలీలు మొదలయ్యాయి. అన్న మింగిందాకా తమ్ముడు ఎదురుగా నిలబడి చూశాడు.

జరిగిందంతా ఫోన్లో చెబితే పెద్ద డాక్టరు గారు మొదట నేను రాసిందంతా నా చేతే చదివించుకున్నారు. తర్వాత, "ఆ ఫారం చించకు, పట్రా," అన్నారు. ఆ ఫారం లెక్కలోకి రాలేదు గానీ, కిడ్నీ ఇచ్చినవాళ్లను అడగడానికి వేరే ఫారం తయారైంది.

వారం తర్వాత అసలు పదిహేడో నంబరును కలవడానికి మళ్లీ వెళ్లాను. సైదులు చేతులు కట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. అలసట సున్నా. నిద్ర బ్రహ్మాండం. మందులు ఒక్కపూట తప్పలేదు.

"మీకు దేని గురించైనా భయం ఉందా?"

సైదులు అన్న వైపు చూసి, నా వైపు చూసి, గొంతు తగ్గించాడు. "నిజం చెప్పాల్నా మేడం? మీరు మళ్లొస్తరేమో అని."

రూలు రూలే. చెప్పింది చెప్పినట్టే రాశాను. పదికి పది.

అందుచేత మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట పెళ్లికి వెళ్లినా సరే, "పెళ్లికొడుకు మీరేనా?" అని అడిగి, అవునని ఆయన నోటితోనే చెప్పించుకుని, చుట్టుపక్కల ఇద్దరి చేత రూఢి చేయించుకున్న తర్వాతే నా చేతిలోంచి అక్షింతలు రాలతాయి.