బాతుల కోసం

వదిన పుట్టిల్లు కొల్లేటి ఒడ్డు. పాతబస్తీలో, ఛత్రినాకలో అద్దెకి దిగాక, దసరా వెళ్ళిందంటే సాయంత్రాలు మేడెక్కి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశం చూసేది. చలికి ఉత్తరం నుంచి కొల్లేటికి వచ్చే బాతులు ఈ దారినే పోతాయని ఆమె నమ్మకం.

"దేనికోసం చూస్తున్నవమ్మా?" అని ఇంటావిడ అడిగితే, "బాతుల కోసమండీ" అంది.

ఉర్దూలో బాత్ అంటే మాట. పాపం, ముచ్చట్లకి మొహం వాచిందనుకుందావిడ. "గట్లనా! కిందికి రా బిడ్డా, మస్తు మాట్లాడుకుందాం" అని రోజూ చాయ్ పెట్టి పిలిచేది. వదిన కాదనలేక వెళ్ళేది.

ఓ సాయంత్రం నిజంగానే ఓ గుంపు అరుచుకుంటూ మా మేడ మీదుగా సాగింది. మళ్ళీ ఏ ఏడూ అటు రాలేదు. వదినని పిలుద్దామని నేను కిందికి పరిగెత్తాను. ఆవిడ వదిన చెయ్యి పట్టుకుని, చనిపోయిన తన కూతురి గురించి చెబుతోంది. అరుపులు వదినకీ వినబడ్డాయి. ఒక్కసారి తలెత్తింది. మళ్ళీ ఆవిడ వైపు తిరిగి, "తర్వాతేమైందండీ?" అంది.