పెళ్ళికి ముందు కోసిన స్ప్రింగులు

ఆ రోజుల్లో ఎవరైనా నన్ను 'మీరెవరు' అని అడిగితే జవాబు మా తాతగారి దగ్గర మొదలుపెట్టేవాణ్ణి. నా దాకా వచ్చేసరికి అడిగినవాడు వెళ్ళిపోయి ఉండేవాడు. మా తాతగారికి రెండు కార్లుండేవి. మా నాన్నగారికి ఆ రెండు కార్ల ఫోటోలుండేవి. నా వంతుకు వచ్చేసరికి ఆ ఫోటోల గురించిన కబుర్లు మిగిలాయి. (ఫోటోలు మా బాబాయి పట్టుకుపోయాడు. పంపకాల్లో ఆయనెప్పుడూ చురుకే.) అయినా నేను నడుస్తుంటే రెండు కార్లూ నా వెనకే వస్తున్నట్టు నడిచేవాణ్ణి. దక్షిణాఫ్రికాలో కొత్త జెండా ఎగిరి రెండేళ్ళు కాకముందు, డర్బన్‌లో చక్కెర మిల్లుల యంత్రాలకు నమూనాలు గీసే ఆఫీసులో ఇంజనీరుగా చేరినప్పుడు కూడా, వాళ్ళు నాకు ఉద్యోగం ఇచ్చారని అనుకోలేదు. నేనే వాళ్ళకు ఒక ఇంజనీరును దయచేశాననుకున్నాను.

పాత తెల్ల ప్రభుత్వం ఇండియన్లను విడిగా ఉంచిన డర్బన్ శివారు షాల్‌క్రాస్‌లో ఒక ఇంటి వెనక గది అద్దెకు తీసుకున్నాను. ఇంటావిడను వీధంతా పెద్దమ్మ అనేది. ఆమె ముత్తాత ఎప్పుడో విశాఖ వైపు నుంచి చెరకు తోటల పనికి ఓడెక్కినవాడు. ఆమె నోట తెలుగులో పూజా, వంటా, తిట్లూ పదిలంగా మిగిలాయి, తక్కినదాంట్లో ఇంగ్లీషు కలిసింది. నన్ను 'ఇండియా బాబు' అనేది. ఆమె ఒక్కగానొక్క కొడుకు మెకానిక్కు, వీధిలో అతని పేరు స్పానర్. అతను నన్ను 'లానీ' అని పిలిచేవాడు. లానీ అంటే అక్కడివాళ్ళ భాషలో దొర. మొదటి నెల ఆ పిలుపుకు మురిసిపోయాను. రెండో నెలలో, మెడ నిక్కించి తిరిగే పక్కింటి కోడిపుంజును కూడా అతను లానీ అనడం విన్నాను.

మూడో నెలలో ఒక పాత తెల్ల కారు కొన్నాను. ప్రతి ఉదయం తుడిచి, అద్దాలు మూసుకుని, పెళ్ళికొడుకును ఊరేగిస్తున్నంత నెమ్మదిగా నడిపేవాణ్ణి. ఆ వీధి తీరు వేరు. ఆదివారం తెల్లవారితే ప్రతి ఇంటి ముందూ ఒక బానెట్టు తెరుచుకునేది, దాని కింద ఒక నడుము వంగి ఉండేది, గుమ్మంలోంచి ఒక ఆడగొంతు ఆ నడుమును తిడుతూ ఉండేది. ఒకడు చక్రాలు వెడల్పు చేయించేవాడు, ఒకడు సీట్లకు ఎర్ర తోలు తొడిగేవాడు. స్పానర్ కారు నారింజ రంగుది. రోడ్డు మీద అగ్గిపెట్టె పడి ఉంటే దాటాలా వద్దా అని ఆలోచించేంత కిందికి ఉండేది. అది స్టార్టయితే పెద్దమ్మ వంటింట్లో గిన్నెలు వాటంతటవే సర్దుకునేవి.

"లానీ, నీ కారు ఎందుకు అంత ఎత్తు? వరదొచ్చిందా?" అన్నాడు స్పానర్ ఒక ఆదివారం, తన కారు కింద పడుకునే.

"తయారుచేసిన ఇంజనీర్లు లెక్కవేసి పెట్టిన ఎత్తు అది," అన్నాను.

"వాళ్ళు షాల్‌క్రాస్ చూసింది లేదు కదా."

బాగానే ఉన్న వస్తువును విప్పి పాడుచేసుకోవడంలో ఏం సుఖముందని అడిగాను. అతను కింద నుంచే, ఒక నట్టు బిగించడం పూర్తిచేసి చెప్పాడు. "ఇల్లు ఎక్కడ ఉండాలి, గవర్నమెంట్ చెప్పింది. స్కూల్ ఏది, గవర్నమెంట్ చెప్పింది. సముద్రంలో ఎక్కడ దిగాలి, అది కూడా గవర్నమెంట్ చెప్పింది. కారు ఎంత ఎత్తు, అది మాత్రం నేను చెప్పింది. ఆ చిన్న స్పానర్ ఇలా తోయి."

తోశాను. నా పతనం అక్కడే మొదలయింది. మరుసటి వారం స్టీరింగుకు తోలు తొడిగాను (ఎండకు చేతులు కాలకుండా). ఆ పై వారం హారన్ మార్చాను (భద్రత కోసం). చక్రాలు మార్చినప్పుడు సాకు దొరక్క రోడ్డు మీద పట్టు గురించి పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. "మంచిది లానీ, కానీ ఇవి మెరుస్తాయని కొన్నావు," అన్నాడు స్పానర్. నిజమే. నా చేత్తో బిగించిన చక్రం ఊడిపోకుండా ఆఫీసు దాకా వచ్చిన రోజున నాకు కలిగిన గర్వం, పట్టా పుచ్చుకున్న రోజున కూడా కలగలేదు.

ఇంతలో స్పానర్‌కు పెళ్ళి కుదిరింది. అమ్మాయిది డర్బన్‌లోనే మరో పేట, మెరీబ్యాంక్. ఆమె తండ్రి రిటైరైన ప్రిన్సిపాల్, ఇంట్లోవాళ్ళు కూడా ఆయన్ను ప్రిన్సిపాల్ అనే పిలిచేవారు. కూతురి పట్టుదలకు తలొగ్గాడు గానీ మెకానిక్కు అల్లుడంటే ఆయనకు మనసొప్పలేదు. ఒకే ఒక్క మాట కబురు పెట్టాడు. స్ప్రింగులు కోసి కిందికి దించిన ఆ డబడబలాడే కార్లలో ఏదైనా హాలు ముందుకు వస్తే గేటు మూయిస్తానని.

పెద్దమ్మ నా గదికి వచ్చింది. "ఇండియా బాబూ, మన వీధిలో మర్యాదైన కారు నీదొక్కటే ఉన్నాది. మావోణ్ణి నువ్వే తీసుకెళ్ళాల. నా పరువు నీ చేతిలో ఎడతన్నాను," అంది. మా తాతగారి రెండు కార్ల తరఫునా నేను మాట ఇచ్చాను.

ఇక్కడ పాఠకులు నన్ను మన్నించాలి. ఊరందరూ చూడబోతున్నారు కాబట్టే, ఆ తెల్ల కారు ఇంకాస్త కిందికి ఉంటే ఎంత బాగుండునో అనే ఆలోచన నన్ను నిద్రపోనివ్వలేదు. ప్రిన్సిపాల్‌కు తెలియనంతగా, ఒక్క పిసరు. పెళ్ళికి వారం ముందు స్పానర్‌ను అడిగాను.

"పెళ్ళి అయిపోనీ లానీ, తర్వాత చేద్దాం," అన్నాడు. నేను లెక్కల కాగితం తీసి చూపించాను. అతను దాన్ని తిరగేసి పట్టుకుని, "ఎంతమంది కూర్చునేది?" అన్నాడు.

"ఇద్దరు. నడిపేవాడూ, వెనక ఒకరూ."

"ఇద్దరేనా? మా మేనమామను చూసింది లేదా నువ్వు?"

"మా ఇంట్లో కారు వెనక ఒక్కరే కూర్చుంటారు," అన్నాను. అతను గ్రైండర్ తీసి నాలుగు స్ప్రింగులకూ రెండేసి చుట్లు కోశాడు. కారు దింపాక చూస్తే, ఖాళీది, సింహంలా కూర్చుంది.

పెళ్ళినాడు ఉదయం వెనక సీట్లో కూర్చున్నది ఒక్కరు కాదు. తలపాగాతో స్పానర్, పసుపు కుంకుమల పళ్ళెంతో పెద్దమ్మ, వాళ్ళ మధ్య, పెళ్ళికొడుకును వదిలి ఉండకూడదని ఆచారం చెప్పిన మేనత్త. ముందు, నా పక్కన, స్పానర్ మేనమామ. ఆయన కూర్చోగానే సింహం పడుకుంది. వీధి మలుపులో మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర కారు పొట్ట కర్రున రాసుకుని ఆగిపోయింది.

"ఏటి బాబూ, బరువు మోయదా?" అంది పెద్దమ్మ, మర్యాదగానే.

"ఒక్క నిమిషం దిగుతారా?" అన్నాను. అందరూ దిగారు. ఖాళీ కారు గట్టు దాటింది. అందరూ ఎక్కారు. యాభై గజాల్లో రెండోది. మళ్ళీ దిగారు. మూడో దానికి మామ, నేను ముందు నడుస్తుంటాను మీరు వెనక రండి అన్నాడు. నాలుగో దానికి పెద్దమ్మ నోట 'బాబు' పోయింది. "నీ జిమ్మడ, నీ ఇంజనీరింగు జిమ్మడ, కారు కొన్నావా కాళ్ళకు దండం పెట్టించే దేవుణ్ణి కొన్నావా?" అంది. స్పానర్ మాత్రం తలపాగా సర్దుకుంటూ బస్టాపులో జనానికి చెయ్యి ఊపాడు. వాళ్ళు చప్పట్లు కొట్టారు.

పెద్ద రోడ్డెక్కాక ప్రాణం కుదుటపడింది గానీ, మెరీబ్యాంక్ హాలు చేరేసరికి ముహూర్తానికి పది నిమిషాలుంది. గేటులోనే, గేటుకు అడ్డంగా, ఆ రోజు చూసినవాటిలో అన్నిటికంటే పెద్ద గట్టు. దాని అవతల సూటు వేసుకుని ప్రిన్సిపాల్. కంగారులో నేను ఎవరినీ దింపడం మరిచాను. ముందు చక్రాలు దాటాయి, వెనక చక్రాలు దాటలేదు, మధ్యలో పొట్ట ఆనింది. కింద పొగగొట్టం ఊడి, నా మర్యాదైన కారు స్పానర్ కారుకు రెట్టింపు డబడబలాడింది. ఇంజను ఆపేశాను. నాదస్వరం కూడా ఆగింది.

ప్రిన్సిపాల్ మెల్లగా వచ్చాడు. వంగి చక్రాల పైన సందు చూశాడు. అందులో వేలు కూడా పట్టదు. "స్ప్రింగులు కోశారు. ఎవరు చేసింది?" అన్నాడు, చూపు అల్లుడి మీదే పెట్టి.

నేను నోరు మూసుకుంటే సరిపోయేది. మెకానిక్కు పక్కనుండగా ఇంజనీరును ఎవరనుమానిస్తారు? స్పానర్ తలుపు తీసి, "నేనే అంకుల్," అన్నాడు కూడా. వెనక పెద్దమ్మ పళ్ళెం మీద కొంగు కప్పింది.

మా వంశంలో నలుగురి ముందు తప్పు ఒప్పుకున్నవాళ్ళు లేరు. ఆస్తి పోయింది కూడా అందుకే. "అతను కాదు," అన్నాను దిగి. "నేను కోయించాను. అతను వద్దన్నాడు. లెక్క నాది."

"మీరు చదువుకున్నవాళ్ళు కదా. ఎందుకు చేశారు?"

నా దగ్గర గురుత్వకేంద్రం ఉంది, గాలి నిరోధం ఉంది, రోడ్డు పట్టు ఉంది. మూడింటినీ పక్కన పెట్టాను.

"బాగుంటుందని," అన్నాను.

ప్రిన్సిపాల్ నన్ను చూశాడు. తర్వాత రెండడుగులు పక్కకు వేసి కారును ఆ చివర నుంచి ఈ చివరకు చూశాడు. "బాగానే ఉంది," అన్నాడు. "ఇక ఎత్తండి. పంతులుగారు ఆగరు." కోటు తీసి మామ చేతికిచ్చి, వెనక బంపర్ దగ్గర చోటు చూసుకున్నాడు. ఎనిమిదిమంది ఎత్తాం. ముహూర్తం దాటలేదు. భోజనాల వేళ మగవాళ్ళంతా విస్తళ్ళు వదిలి వచ్చి కారు చుట్టూ చతికిలబడి, రెండు చుట్లు ఎక్కువా, ఒకటిన్నర చాలునా అని సాయంత్రం దాకా వాదించారు. ప్రిన్సిపాల్ ఒకటిన్నర పక్షం.

ఆ స్ప్రింగులు మార్చాల్సింది. మార్చలేదు. మూడేళ్ళు అలాగే, ఒంటరిగా, నడుపుకున్నాను. ఆ కారు దిగి నాలుగడుగులు వేశాక ఒకసారి వెనక్కి తిరిగి చూసుకునేవాణ్ణి, ప్రతిసారీ. ఇప్పటి నా కారు ఎంతమందినైనా మోస్తుంది, ఏ గట్టునైనా నాకు తెలియకుండానే దాటుతుంది. దిగి తలుపు వేసి నేరుగా ఇంట్లోకి వెళ్ళిపోతాను. వెనక్కి తిరిగి చూడటానికి అందులో నేను చేసిన పొరపాటు ఒక్కటీ లేదు మరి.