గీత తప్పు

బాన్సువాడ నుంచి కోటగిరి పోయే బస్సు కాలువ వంతెన మీద వరికోత మిషన్‌కు ఎదురుపడి ఆగిపోయింది. దిగడానికి కూడా సందు లేదు. గంట నుంచి నిలబడే ఉన్నాను.

"కూసో తాతా," అంటూ ఒడిలో ల్యాప్‌టాప్ ఉన్న ఒక అమ్మాయి లేవబోయింది. వద్దన్నాను.

"దొరలు మన సీట్ల కూసుంటరా బిడ్డా? పేరు వోతది!" అంది ఆమె పక్కనున్న మా ఊరి అవ్వ. బస్సంతా నవ్వింది.

వినపడనట్టు ల్యాప్‌టాప్ వైపు చూశాను. తెర మీద ఒక గీత, దాని కింద కొన్ని చుక్కలు. ఏమిటని అడిగాను.

"రెండు ఉప్పులు కరగబెట్టి కలిపితే కరెంటు ఎంత పారుతదో ముందే చెప్పే లెక్క, తాతా. రెండింటి సగటు వస్తదని గీత గీసిన. కొలిస్తే తక్కువొచ్చింది. కలిసినంక ఒకదాన్నొకటి కదలనిస్తలేవు. రేపే సారుకు చూపియ్యాలె."

"ఆ చుక్కలు తీసెయ్యి. పరువు దక్కుతుంది," అన్నాను.

"చుక్కలు కొలిస్తే వచ్చినయి తాతా. గీతనే నాది."

రెండేళ్ల పని అట. నా ముందే ఆ గీత చెరిపేసింది.

"మరి సారుకేం చెప్తావు?"

"తప్పు చేసిన అని చెప్త. ఇగ ఏముంటది?"

పదేళ్లుగా నాతో మాటల్లేని మా తమ్ముడికి ఆ ఒక్క మాట చెప్పాలని తర్వాత మూడుసార్లు ఫోన్ తీశాను. మూడోసారి అటువైపు మోగింది కూడా. వాడు ఎత్తకముందే నేనే పెట్టేశాను.