సహరీకి లేపే హాజిరా బీ

మా గల్లీలో రంజాన్ నెలంతా మా నిద్ర హాజిరా బీ చేతిలో ఉండేది. వెనకట డప్పు కొట్టి సహరీకి లేపే ముసలాయన ఒకడుండేవాడు. ఆయన పోయాక ఎవరూ చెప్పకుండానే ఆ పని ఈమె నెత్తిన వేసుకుంది. రోజా ఉండేవాళ్లు తెల్లారకముందే నాలుగు ముద్దలు తినాలి కదా, అందుకని చెక్క గరిటె పట్టుకుని ఒక్కో తలుపూ కొట్టుకుంటూ పోయేది. మా ఇంట్లో రోజాలు లేవు. అయినా మా తలుపూ కొట్టేది. "మంజులా, లేవరాదు, ఎంతసేపు పండుకుంటవ్" అనేది. మా మరిపెడలో నా అంత కోపిష్టి మనిషి లేదని అంటారు గాని, ఆమె మీద కోపాన్ని మాత్రం చాయ్ తాగేదాకా కూడా నిలుపుకోలేకపోయాను.

సకల జనుల సమ్మె జరిగిన ఏడు రంజాన్ వానల్లో వచ్చింది. హాజిరా బీ కొడుకు అకీల్‌ది మోటర్ వైండింగ్ దుకాణం. కోడలు షాహీన్ ఇంట్లోనే మిషన్ మీద జాకెట్లు కుట్టేది. వాళ్ల బిడ్డ ఇరం అప్పుడప్పుడే పాకుతోంది. ఇంట్లో అందరూ లేచి తింటుంటే పిల్ల ఒక్కతే పడుకోవడమేమిటని హాజిరా బీ దాన్ని లేపి ఒళ్లో కూర్చోబెట్టుకునేది. ఖర్జూరం పాలల్లో మెదిపి వేలితో నాకించేది. ఆడించేది, పాడేది. "పండుకోనియ్ అమ్మీ" అని షాహీన్ అంటే, "నెల రోజుల ముచ్చటే గద బిడ్డా" అనేది.

నెల అయిపోయింది. పండుగ సేమియా కూడా అయిపోయింది. కాని ఆ సంగతి ఇరంకు ఎవరు చెప్పాలి? రోజూ అదే వేళకు లేచి కూర్చునేది. తల్లి చెంప మీద చేత్తో కొట్టేది. ఆడించేదాకా ఊరుకునేది కాదు. లేచిందంటే మళ్లీ పడుకోదు. మేం ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీశాం. వాళ్లు దర్గా నుంచి తాయెత్తు తెచ్చి కట్టారు. ఆ తాయెత్తును కూడా అది చీకట్లోనే లేచి చప్పరించింది.

సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బడులు ఆగాయి. షాహీన్‌కు నిద్ర లేక కళ్లు గుంటలు పడ్డాయి. ఒకరోజు మంచం మీద బిడ్డకు పాలిస్తూనే తూగింది. బిడ్డ ఒళ్లోంచి జారి కింద పడింది. దెబ్బ మాత్రం తగల్లేదు. ఆ సాయంత్రం మా వాకిట్లోనే అత్తతో తేల్చి చెప్పింది. "నాతోని అయితలేదు అమ్మీ. మానుకోటల మా అమ్మింటికి పోత. ఇద్దరు చెల్లెండ్లున్నరు, తలా ఇంతసేపు ఎత్తుకుంటరు. బస్సులు నడిచిన రోజే పోత. ఇది జర పెద్దగైనంకనే వస్త."

ఇరం పుట్టినప్పటి నుంచి హాజిరా బీకి వేరే లోకం లేదు. మర్నాడు చౌరస్తాలో దీక్షా శిబిరానికి ఆడవాళ్లందరం పోయినప్పుడు, నినాదాల మధ్య నా చెవిలో అంది: "తెలంగాణ జల్ది రావాలె మంజులా. బస్సులే, జర నిమ్మలంగ రావాలె." నాకు నవ్వొచ్చింది. ఆమె ముఖం చూసి ఆపుకున్నాను.

ఆ రాత్రి నుంచి బిడ్డను తన పక్కలో వేసుకుంది. మూడో రోజో నాలుగో రోజో నా దగ్గరికి వచ్చి అరుగు మీద కూలబడింది.

"దానికి ఆకలి గాదు మంజులా. కడుపు నిండ పాలు తాగినంక గూడ వంటింటి దిక్కే చూస్తది, నోరు తెరుస్తది. సహరీ కోసం చూస్తది. అలవాటు చేసింది నేనే."

అంతే, ఇంట్లో కొత్త కట్టుబాటు పెట్టింది. ఆ వేళకు బిడ్డ లేస్తే దీపం వెలిగించొద్దు, మాట్లాడొద్దు, ఎత్తుకోవద్దు. తను పక్కనే పడుకుని వీపు మీద చెయ్యి వేసి ఉంచేది. పిల్ల ఏడ్చిన ఏడుపుకు గల్లీ అంతా లేచింది. నోరు మూతపడని మనిషి, చీకట్లో ఒక్క మాటైనా అనకుండా ఆ ఏడుపు విన్నది. గోడ ఇవతల నాకే ప్రాణం ఉసూరుమనేది, ఆమెకెంత ఉండాలి! భూపాలపల్లిలో బొగ్గు బాయిలు బందై కరెంటు పోతుంటే మేమందరం తిట్టుకుంటున్నాం. హాజిరా బీ ఒక్కతే సింగరేణి పోరగాండ్లకు దువా చేసింది. చీకటి ఎంత గట్టిగా ఉంటే పిల్లకు అంత మంచిదట.

ఏడుపు తగ్గింది. కాని తెల్లవారుజాము నమాజుకు ఆమె లేవగానే అదీ లేచేది. చెంబు చప్పుడు, గాజుల చప్పుడు, గొంతు సవరించుకోవడం, ఇవన్నీ దానికి సహరీ గుర్తులే. అప్పుడు బిడ్డను తల్లి పక్కకు మార్చి, తన చాప చుట్టుకుని వచ్చి మా అరుగు మీద వేసింది. రాత్రి అక్కడే పడుకుని, మా బకెట్టు నీళ్లతో కాళ్లూ చేతులూ కడిగి వజూ చేసి, మా అరుగు మీదే నమాజు చదివేది. సొంత ఇల్లుండి, ఆ వయసులో, చలిలో. నేను లోపలికి రమ్మంటే రాలేదు.

బస్సులు నడుస్తాయని ఒక సాయంత్రం తెలిసింది. షాహీన్ సంచి సర్దుకుంది. "అమ్మీ, మొదటి బస్సుకు లేపు" అంది. హాజిరా బీ తల ఊపింది.

పొద్దున నేను వాకిట్లో సాన్పి చల్లుతున్నాను. ఆమె నమాజు ముగించి అరుగు మీద తస్బీ పూసలు తిప్పుతూ కూర్చుంది. ఎన్నాళ్లకో రోడ్డు మీద బస్సు హారన్ వినిపించింది. ఎవరో జై తెలంగాణ అని అరిచారు. ఆమె నా చెయ్యి పట్టుకుంది. వాళ్ల ఇంట్లో చీమ చిటుక్కుమనలేదు.

"లేపవా?" అన్నాను.

తల అడ్డంగా ఊపింది. బస్సు పోయింది.

ఎండ వాకిట్లోకి వచ్చాక షాహీన్ జుట్టు ముడేసుకుంటూ బయటికి వచ్చింది. ముఖం నిద్రతో ఉబ్బి ఎంత బాగుందో. ఇరం ఇంకా లోపల పడుకునే ఉంది.

"బస్సు పోయిందా అమ్మీ?"

"పోయింది."

"లేపుతనంటివి గద."

"ఊరందర్ని లేపిన బిడ్డా. మీ ఇద్దర్ని లేపనీకి చెయ్యి రాలే."

షాహీన్ అత్త పక్కన కూర్చుని, తల ఆమె భుజం మీద పెట్టుకుంది. సంచి మళ్లీ మంచం కిందికి పోయింది.

మరుసటి రంజాన్‌లో హాజిరా బీ గరిటె పట్టుకుని గల్లీ అంతా లేపింది, నన్ను కూడా. తన ఇంటి తలుపు మాత్రం కొట్టలేదు. చెప్పులు చేత పట్టుకుని లోపలికి పోయి, కోడలి పాదం మీద మెల్లగా చెయ్యి వేసేది.