మంచు నెలలో చెమట పొక్కులు

సహోదరులారా, సహోదరీలారా, ఈ రోజు మొదట నా తప్పు ఒప్పుకుని తర్వాత దేవుణ్ణి స్తుతిస్తాను! మన అరకు కాఫీ చూపించడానికి రైతులతో కలిసి నేను విమానమెక్కి విదేశం వెళ్ళొచ్చిన సంగతి మీకందరికీ తెలుసు. తిరిగి వస్తుంటే పక్క సీట్లో ఒక పసివాడు కళ్ళు ఎర్రబడి దారి పొడుగునా దగ్గుతున్నాడు, పాపం అనిపించి వాడి తల నిమిరి ప్రార్థన చేశాను. ఆ జబ్బు నాతోపాటే మన కొండెక్కిందని నాకేం తెలుసు!

పది రోజులకు జ్వరం వచ్చింది. అయినా ఊరుకున్నానా, ఆదివారం ఇక్కడే నిలబడి చూసొచ్చిన వింతలన్నీ చెప్పి, మీ పిల్లల్ని ఎత్తుకుని, ఎనిమిది నెలల నా మనవరాల్ని ఒళ్ళో ఆడించాను. రెండు రోజుల్లో ఒళ్ళంతా ఎర్రగా పేలింది. పొరుగింటి నూకాలమ్మ బొట్టు పెట్టుకుని గుమ్మంలోకొచ్చి చూసి, "అమ్మోరు పోసినాదే, పిల్లల్ని ముట్టకు" అంది. విశ్వాసి ఇంట్లో ఆ పేరెత్తుతావా అని నాకు ఒళ్ళు మండిపోయింది, "ఇయి సెమట పొక్కులు" అని తలుపేశాను. రెండు దుప్పట్లు కప్పుకున్నా వణికే మంచు నెలలో చెమట పొక్కులట! ఆ పేరు పలకకపోవడమే విశ్వాసమనుకున్నాను.

నాకు తగ్గింది గానీ, తర్వాతి వారం మనవరాలికి అవే పొక్కులు, ఎగశ్వాస! అప్పుడు నర్సు రత్నంగారు, నుదుట పెద్ద బొట్టుతో, జీపు రాని దారిలో మందుల పెట్టె భుజాన వేసుకుని నడిచొచ్చింది. ఆవిడకు కబురు పంపింది, నేను తలుపేసిన ఆ నూకాలమ్మే!

రత్నంగారు పాపను చూసి, "నీకూ ఇలాగే పేలిందా? ఎక్కడికెల్లొచ్చావు? నిజం సెప్పమ్మా" అంది. చెప్పాను. "ఇది తట్టు. బేగి లెగు, ఆస్పత్రికెల్దాం" అంది.

ఆస్పత్రి వరండాలో మోకరించి, "ప్రభువా, నేను తెచ్చిన జబ్బుకి ఈ పసి గుంటని తీసుకెల్లిపోకయ్యా" అని ఏడ్చాను. ఎవరెవరి పిల్లల్ని ఎత్తుకున్నావని రత్నంగారు అడిగితే ఒక్క ఇల్లు దాచకుండా చెప్పాను. ఆ మహాతల్లి తిండి కూడా మరచిపోయి ప్రతి గడపా ఎక్కి దిగి పిల్లలందరికీ సూదులు వేసింది! నాలుగో రోజు నా మనవరాలు తల్లి పాలకోసం గుక్కపెట్టి ఏడ్చింది. ఆ ఏడుపు విని నేను గట్టిగా స్తోత్రం అని అరిచాను. మన ఊళ్ళో ఒక్క బిడ్డనూ పోగొట్టుకోలేదు, దేవునికే మహిమ!

ఇప్పుడు సూదుల రోజున ఆవిడ పెట్టె నేనే మోస్తున్నాను. నా తోటి వారలారా, ఏసయ్యను నమ్మండి, జబ్బు వస్తే దాని పేరు దాచకండి. గుమ్మంలో బొట్టు కనబడిందని తలుపేయకండి. నా ప్రార్థనకు జవాబు ఆ బొట్టు పెట్టుకునే వచ్చింది!