భీమశంకర్ గారి ఆగస్టు బడి

భీమశంకర్ గారికి ఉన్న జబ్బు ఒక్కటే. బడి తెరవడానికి ముందే ఆయన బడి తెరిచేస్తారు.

మేం అరిజోనాలోని చాండ్లర్‌కి వచ్చిన కొత్తల్లో, అంటే డెబ్బై తొమ్మిదిలో, ఆ ఊరు మొత్తానికి తెలుగు ఇళ్ళు ఏడు. మగవాళ్ళందరూ చిప్‌లు చేసే కంపెనీల్లో ఇంజనీర్లు. భీమశంకర్ గారొక్కరే బడిపంతులు. రేపల్లెలో లెక్కల మాస్టారుగా పనిచేసి, ఇక్కడికొచ్చాక మళ్ళీ పరీక్షలు రాసి, అమెరికా పిల్లలకు మాస్టారయ్యారు. పదకొండు నెలలు ఆయనంత నెమ్మదైన మనిషి ఉండరు. ఆగస్టు వచ్చిందంటే మాత్రం కొత్త పెళ్ళికొడుకు కూడా ఆయన ముందు చాలడు.

ఆ నెలలో షాపుల్లో బడి సామాను గుట్టలుగా పోస్తారు కదా, ఆ గుట్టల చుట్టూ ఈయన ప్రదక్షిణాలు చేసేవారు. వాళ్ళావిడ అన్నపూర్ణక్కయ్య ఆయన్ని సరుకులకి పంపడమే మానేసింది. ఒకసారి నేను వాళ్ళ వంటింట్లో ఉండగానే జరిగింది.

"ఏమండీ, ఉల్లిపాయలేవీ?"

"ఉల్లిపాయల దాకా వెళ్ళలేదే. దారిలో క్రేయాన్లు కనబడ్డాయి. అరవై నాలుగు రంగులు!"

"వాటితో పులుసు పెట్టనా?"

"పులుసు రంగు కూడా ఉందే ఇందులో, కావాలంటే చూడు!" అని పెట్టె తెరిచి నిజంగానే వెతికారు.

కొన్న సామానంతా తీసుకెళ్ళి సరస్వతీ దేవి పటం ముందు పెట్టేవారు. నోటు పుస్తకాలకి పసుపు, పెన్సిళ్ళకి కుంకుమ, జిగురు సీసాకి ఒక బొట్టు, స్టేప్లర్‌కి ఒక బొట్టు. నాకది ఎంతో బాగుండేది. మా ఊరి బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివినదాన్ని నేను. పుస్తకానికి కాలు తగిలితే ఇప్పటికీ కళ్ళకద్దుకుంటాను. స్టేప్లర్‌కి దణ్ణం పెట్టే మనిషి అమెరికాలో ఒక్కరైనా ఉన్నారని తెలిశాక, ఈ దేశంలో బతకొచ్చులే అనిపించింది.

అసలు సంబరం బడి తెరవడానికి ముందు వచ్చే శనివారం. ఆ రోజు రిహార్సల్. మొదటి రోజు పాఠం ఎలా చెప్పాలో చూసుకోవడానికి ఆయనకి పిల్లలు కావాలి. ఆ పిల్లలం మేమే.

ఎనభై ఒకటిలో మొదటిసారి మా ఇంటికి ఫోన్ చేశారు. "అమ్మా, ఈ ఏడు నాకు ఐదో తరగతి ఇచ్చారు! శనివారం మూడింటికి రండి. ఆలస్యమైతే బయట నిలబెడతాను." చాండ్లర్ ఎండలో మధ్యాహ్నం మూడింటికి బయట నిలబెట్టడమంటే అప్పడం వేయించినట్టే. అందరం రెండున్నరకే వెళ్ళిపోయాం.

మరుసటేడు మళ్ళీ ఫోన్. "ఈసారి మూడో తరగతి!"

మా ఆయన దామోదర్ ఫోన్ పెట్టేసి నెత్తిన చేయి పెట్టుకున్నారు. "ఎం.ఎస్. చేసినవాణ్ణి. పోయినేడు ఐదు, ఈ ఏడు మూడు. ఇలా తగ్గుకుంటూ పోతే ఆఖరికి ఉయ్యాల్లో వేస్తాడాయన."

ఏటేటా తరగతి ఎందుకు మారుస్తారని ఎవరికీ అనుమానం రాలేదు. అమెరికా బడి, వాళ్ళ పద్ధతి వాళ్ళది అనుకున్నాం. వచ్చినా, భీమశంకర్ గారు మాట్లాడుతున్నప్పుడు అడగడానికి సందు దొరకదు.

ఎనభై మూడులో ఫోన్ వచ్చేసరికి మాత్రం మా ఇంట్లో నవ్వే ఓపిక లేదు.

మా అమ్మాయి విద్యకి అప్పటికి ఆరేళ్ళు. ఇంట్లో గలగలా మాట్లాడుతుంది. టీవీ చూసి ఇంగ్లీషూ నేర్చింది. కానీ కిండర్‌గార్టెన్‌లో ఏడాది పొడుగునా నోరు తెరవలేదు. చేరిన మొదటి రోజునే, బాత్రూమ్‌కి వెళ్ళాలని అడగడం తెలియక, గౌను తడుపుకుంది. పిల్లలు నవ్వారు. ఆ రోజు మూసిన నోరు మళ్ళీ ఆ గుమ్మం లోపల తెరవలేదు. సెలవుల్లో బడి నుంచి ఉత్తరం వచ్చింది. ఒకటో తరగతిలో మొదటి రెండు వారాలు చూస్తారట. టీచర్‌తో మాట్లాడకపోతే మళ్ళీ కిండర్‌గార్టెన్‌కి పంపుతారట.

తప్పంతా నాదే అనిపించింది. నేను మాత్రం ఏం మాట్లాడాను? నాలుగేళ్ళలో బయటివాళ్ళతో నేనన్న ఇంగ్లీషు మాట 'థాంక్యూ' ఒక్కటే. తల్లి నోరు కుట్టుకుని కూర్చుంటే పిల్లకి ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది? ఆ ఉత్తరం దేవుడి దగ్గర పెట్టి రోజూ దణ్ణం పెట్టుకున్నాను. అన్నపూర్ణక్కయ్యకి తప్ప బయట ఎవరికీ చెప్పలేదు.

ఆ వారంలోనే ఫోన్. "అమ్మా, ఈ ఏడు నాకు ఒకటో తరగతి!"

"చెప్పానా! ఇక మిగిలింది ఉయ్యాలే," అన్నారు దామోదర్, నవ్వకుండానే.

శనివారం వెళ్ళేసరికి ముందుగదిలో సోఫాలు లేవు. ఏదో పాత బడి సామాను వేలంలో కొన్న పసిపిల్లల కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. దామోదర్ కూర్చున్నారు. మళ్ళీ లేవబోతే కుర్చీ కూడా లేచింది.

"మాస్టారూ, నాకు కుర్చీ పట్టేసింది!"

"ఇంగ్లీషులో చెప్పాలి. చెయ్యెత్తి చెప్పాలి," అన్నారు భీమశంకర్ గారు.

"చెయ్యెత్తితే పడిపోతానండీ!"

పక్కనున్న భాస్కర్ పడీపడీ నవ్వాడు. దామోదర్ ఆఫీసులోనే పనిచేసే కుర్రాడతను. వేసవికి తండ్రి సీతారామయ్య గారిని ఇండియా నుంచి రప్పించుకున్నాడు. డెబ్బై ఏళ్ళ ఆ పెద్దమనిషి తహసీల్దారుగా రిటైరయ్యారు. చొక్కా పై గుండీ దాకా పెట్టుకుని, ఆ బుల్లి కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, విచారణకి వచ్చినట్టు గంభీరంగా కూర్చున్నారు.

భీమశంకర్ గారు అందరికీ చీటీలు పంచారు. ఒక్కొక్కరు ఒక్కో రకం పిల్లాడిగా ఉండాలి. భాస్కర్ అమ్మ కోసం ఏడ్చేవాడు. దామోదర్ పక్కవాడి పెన్సిల్ లాక్కునేవాడు. నాకు ఏటా ఒకటే చీటీ, 'జవాబు తెలియకపోయినా చెయ్యెత్తే అమ్మాయి'. "తప్పు చెప్పినా ఫర్వాలేదమ్మా, ఇంగ్లీషులో చెప్పండి. నాకు కావలసింది తప్పులే," అనేవారు. నేను రెండుకి రెండు కలిపితే 'బ్లూ' అని చెప్పినా, "గుడ్ ట్రై!" అని చప్పట్లు కొట్టేవారు.

విద్యకి చీటీ ఇవ్వలేదు. కిటికీ దగ్గర పీట వేసి, చేతిలో చాక్‌పీసుల డబ్బా పెట్టారు. "నువ్వు ఊరికే చూస్తూ ఉండమ్మా. వీళ్ళందరూ కొత్త పిల్లలు. ఏమీ తెలీదు వీళ్ళకి."

బడి మొదలైంది. భాస్కర్ ఏడుపు అందుకున్నాడు. "అమ్మా... ఐ వాంట్ అమ్మ..."

"ఒరేయ్, మీ అమ్మ ఇప్పుడే ఫోన్‌లో తిట్టింది కదరా," అన్నారు సీతారామయ్య గారు.

"మాట్లాడకూడదు! చెయ్యెత్తాలి!"

దామోదర్ పెన్సిల్ లాక్కున్నారు. భాస్కర్ మళ్ళీ లాక్కున్నాడు. పెన్సిల్ విరిగింది. ఇద్దరు ఇంజనీర్లనీ గోడ వైపు తిప్పి నిలబెట్టారు. ఒకరికి ఇంకా కుర్చీ వదల్లేదు. పీట మీద విద్య నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. నవ్వు వేళ్ళ సందుల్లోంచి కారుతోంది.

అప్పుడు చూశాను, సీతారామయ్య గారి ముఖం మారింది. ముందు కాళ్ళు దగ్గరికి పెట్టుకున్నారు. తరవాత అటూ ఇటూ కదిలారు. తరవాత కళ్ళు మూసుకున్నారు. ఎండన పడి వచ్చారని ఆయనకి రాగానే అన్నపూర్ణక్కయ్య మూడు గ్లాసుల మజ్జిగ పోసింది మరి.

"నాన్నా, బాత్రూమ్‌కా? వెళ్ళండి," అన్నాడు భాస్కర్ గోడ వైపు నుంచే.

"చెయ్యెత్తి, ఇంగ్లీషులో అడగాలి," అన్నారు భీమశంకర్ గారు, బోర్డు మీద ఏదో రాసుకుంటూ, వెనక్కి తిరక్కుండానే.

"ముప్పై రెండేళ్ళు సర్వీసు చేశాను. నేను చెయ్యెత్తి అడగడమా!"

"అడగాలి."

పెద్దాయన గొంతు సవరించుకున్నారు. "రెస్పెక్టెడ్ సర్, ఐ బెగ్ టు సబ్మిట్ దట్..." అని మొదలుపెట్టి ఆగిపోయారు. ఆపై మాట అర్జీల్లో ఎక్కడా రాదు. నుదుటి మీద చెమట పట్టింది. చెవులు ఎర్రబడ్డాయి.

చాక్‌పీసుల డబ్బా దబ్బున కిందపడింది. విద్య పీట మీద లేచి నిలబడి, చెయ్యి ఆకాశానికెత్తి అరిచింది.

"టీచర్! తాతగారు హాస్ టు గో టు ది బాత్రూమ్! రైట్ నౌ! డోంట్ లాఫ్, ఎవ్రీబడీ!"

ఎవరం నవ్వలేదు. భీమశంకర్ గారు ఒక్క క్షణం బోర్డు వైపే ఉండిపోయి, తాపీగా తిరిగారు.

"థాంక్యూ, విద్యా. చెయ్యెత్తి అడిగావు, బాగుంది. తాతగారూ, వెళ్ళి రండి."

అంతే. పొగడ్త లేదు, చప్పట్లు లేవు. ఏమీ జరగనట్టు హాజరు పుస్తకం తీసి పేర్లు పిలిచారు. ఆఖర్న విద్య పేరు పిలిస్తే "ప్రెజెంట్!" అంది. నేను వంటింట్లోకి పోయి, అన్నపూర్ణక్కయ్య భుజం మీద తల పెట్టుకున్నాను. ఆవిడ నా వీపు తట్టి, ఇంకో గ్లాసు మజ్జిగ కలుపుతూ, "ఇది నీకు," అంది.

సీతారామయ్య గారిని తరవాత అందరూ మెచ్చుకున్నారు, ఏం నటించారండీ అని. "నటనా? నా మొహం!" అన్నారాయన.

బడి తెరిచిన రెండో వారంలో విద్య వాళ్ళ టీచర్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. విప్పకుండానే దామోదర్‌కి ఇచ్చాను. ఆయన చదివి, మళ్ళీ చదివి, కుర్చీలో కూలబడ్డారు.

"ఏమైందండీ?"

"మీ అమ్మాయి క్లాసులో బాగా ఎక్కువగా మాట్లాడుతోందట. అడగని వాళ్ళ తరఫున కూడా తనే చెయ్యెత్తి బాత్రూమ్ అడుగుతోందట. కాస్త తగ్గించమని ఇంట్లో చెప్పగలరా అని రాసింది."

నేను తగ్గించమని చెప్పలేదు. పులిహోర కలిపాను.

మర్నాడు పదకొండింటికి డబ్బా పట్టుకుని, గొడుగు వేసుకుని, పత్తి చేల పక్కనున్న భీమశంకర్ గారి బడికి నడిచి బయల్దేరాను. రెండు వీధులు దాటానో లేదో, ఒక అమెరికా ఆవిడ ట్రక్కు ఆపి, ఈ ఎండలో ఎక్కడికి తల్లీ అంటూ ఎక్కించుకుని గేటు దగ్గర దింపింది. ఇలాంటివాళ్ళు దారి పొడుగునా దొరుకుతూనే ఉంటారు నాకు, దేవుడి దయ.

గేటు దగ్గర దామోదర్ కంటే పొడుగైన అబ్బాయిలు కార్లకి ఆనుకుని నిలబడ్డారు. ఒకటో తరగతి ఎక్కడని అడిగాను. ఇక్కడ ఒకటో తరగతి లేదు మేడమ్, తొమ్మిది నుంచి పన్నెండు దాకానే అన్నారు. ఆఫీసులో ఒకామెని అడిగాను. ఆమె ఒక మీసాల కుర్రాణ్ణి తోడిచ్చి పంపింది.

గదిలో బోర్డు నిండా ఎక్స్‌లు, వైలు. బల్ల మీద స్టేప్లర్, దానికి బొట్టు. భీమశంకర్ గారు నన్ను చూసి కంగారుగా లేచారు.

"ఏమ్మా, విద్యకేమైనా..."

"లేదండీ, పులిహోర తెచ్చాను. ఒకటో తరగతి పిల్లలేరండీ?"

ఆయన తలుపు వైపు చూశారు. కిటికీ వైపు చూశారు. హోంవర్కు చేయని పిల్లాడిలా గొంతు సవరించుకున్నారు.

"వాళ్ళు... కొంచెం ఎదిగారమ్మా."

"ఎన్నేళ్ళుగా చెబుతున్నారండీ ఇక్కడ?"

"ఎనిమిదేళ్ళు. పదకొండు, పన్నెండు తరగతులకి ఆల్జీబ్రా."

నేను మనసులో లెక్క వేసుకున్నాను. ఎనభై ఒకటిలో, మా తెలుగు ఇళ్ళలోనే సుమతి వాళ్ళ బాబు నెల్లూరు నుంచి వచ్చి ఐదో తరగతిలో చేరాడు. ఎనభై రెండులో జయంతి వాళ్ళ పాప మూడో తరగతి. బస్సు చూస్తే ఏడ్చేది. ఈ ఏడు మా విద్య.

"మగవాళ్ళకి చెప్పకండమ్మా," అన్నారు గొంతు తగ్గించి. "తెలిస్తే రారు. పెద్దవాళ్ళు తప్పులు చేస్తుంటే కళ్ళారా చూస్తేగానీ పిల్లలకి భయం పోదు. మన ఇంజనీర్లంత సహజంగా తప్పులు చేసేవాళ్ళు నాకు ఇంకెక్కడ దొరుకుతారు?"

"మరి ఆ క్రేయాన్లు?"

"అవి మాత్రం నా సరదానే," అని ఒప్పుకున్నారు. తరవాత గుమ్మం వైపు తొంగి చూశారు. "దామోదర్ కారులోనే ఉన్నాడా? పిలవండి."

"ఆయన రాలేదండీ. నేనే అడుగుతూ వచ్చాను."

"ఎవర్ని?"

"ట్రక్కావిణ్ణి, గేటు దగ్గర అబ్బాయిల్ని, ఆఫీసులో ఒకామెని..."

"ఇంగ్లీషులోనా?"

అప్పటిదాకా నాకా సంగతి తట్టనే లేదు. భీమశంకర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తిరిగి పెట్టుకుని, గుమ్మంలో నిలబడ్డ మీసాల కుర్రాడితో ఎంతో గర్వంగా ఇంగ్లీషులో చెప్పారు. "ఈవిడ నా ఒకటో తరగతి స్టూడెంట్. మూడేళ్ళుగా నా దగ్గరే చదువుతున్నారు!"

ఆ కుర్రాడు నన్నూ, నా చీరనూ, నా గొడుగునూ చూశాడు. మూడేళ్ళయినా ఒకటో తరగతి దాటలేదా పాపం అనుకున్నట్టుంది, ఎంతో జాలిగా నాకొక కుర్చీ జరిపాడు.